దసరా నుంచి సంక్రాంతి దాకా: తక్కువ ఖర్చుతో విశాఖ ఇంటిని చలికాలానికి సిద్ధం చేసుకునే తీరు

విశాఖలో చలికాలం చలితో మొదలు కాదు, గాలివానతో మొదలవుతుంది. నైరుతి వెనక్కి మళ్లి ఈశాన్య రుతుపవనాలు వచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లోనే బంగాళాఖాతంలో వాయుగుండాలు ముదురుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా నగరం దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లాలో, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర దాటాయి. అసలు చలి ధనుర్మాసంలో గానీ రాదు. వచ్చినా నగరంలో తెల్లవారుజామున 17, 18 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఒక్క అంకెకు దిగేది లంబసింగి, చింతపల్లి, అరకు వైపు.

అందుకే చేతిలో డబ్బు తక్కువ ఉన్నప్పుడు ముందు పైకప్పు చూసుకోవాలి. తర్వాత నీళ్లు, వెలుతురు, మందులు. దుప్పట్లు అన్నిటికన్నా చివర. చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా జరుగుతుంది. పండగ డబ్బుతో కొత్త రగ్గు కొంటారు, కారే కప్పు కింద ఆ రగ్గే తడిసి ముక్కిపోయిన వాసన కొడుతుంది. రూ. 3,000 పక్కన పెట్టగలిగితే అందులో సగం పైకప్పుకు, రూ. 800 నీళ్లు, బల్బు, మందులకు, రూ. 400 పొడి సరుకులకు కేటాయించండి. మిగిలిన రూ. 300 చలికి సరిపోతుంది. ఎందుకు సరిపోతుందో చివర్లో చూస్తారు.

దసరాలోపు: రేకుల ఇల్లు

గాలి రేకును పైనుంచి నొక్కి పగలగొడుతుందని అనుకుంటాం. జరిగేది వేరు. కప్పు మీదుగా వేగంగా పోయే గాలి రేకును పైకి పీలుస్తుంది, చూరు కింద దూరిన గాలి కింది నుంచి తోస్తుంది. రెండూ కలిసి రేకును లేపేస్తాయి. కాబట్టి కప్పుకు బరువు కన్నా పట్టు ముఖ్యం. రేకు వాసాన్ని పట్టుకోవాలి, వాసం గోడను పట్టుకోవాలి, గోడ పునాదిని పట్టుకోవాలి. ఈ గొలుసులో ఏది బలహీనమైతే కప్పు అక్కడే ఊడుతుంది.

1. పట్టపగలు లైట్లు ఆర్పి, తలుపులు మూసి, లోపలి నుంచి కప్పు చూడండి. వెలుతురు చుక్కల్లా కనిపించిన ప్రతిచోటా కింద నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టండి. కారే చోటు ఇదే.

2. వాసాలను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మొన అర అంగుళం సులువుగా దిగితే ఆ కర్ర పుచ్చిపోయినట్టే. అక్కడ కొత్త బోల్టు వేసినా దండగే. ముందు ఆ ఒక్క వాసం మార్చండి, లేదా పక్కనే ఇంకో కర్ర జోడించి తీగతో బిగించి కట్టండి.

3. తుప్పు పట్టిన జే బోల్టులు (రేకును వాసానికి పట్టి ఉంచే వంకర బోల్టులు) మార్చండి. సిమెంటు రేకులకు 8 మిల్లీమీటర్ల బోల్టు, దాని కింద ఇనుప వాషరు, ఇంకా కింద నల్లటి తారు వాషరు ఉండాలి. బోల్టు ఎప్పుడూ రేకు అల పైభాగంలోనే వేయాలి. పల్లంలో వేస్తే వాన నీళ్లన్నీ ఆ రంధ్రం మీదుగానే పారతాయి. మేకు కొట్టి రంధ్రం చేయొద్దు, రేకు చిట్లుతుంది. బోల్టు కన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు పెద్ద రంధ్రం డ్రిల్లుతో వేయించండి. బిగించేటప్పుడు వాషరు చేత్తో తిప్పితే తిరగనంత వరకే ఆపాలి. ఇంకా బిగిస్తే రేకు బోల్టు చుట్టూ పగులుతుంది.

4. డబ్బు అన్ని బోల్టులకూ చాలకపోతే చూరు వరస, కొప్పు వరస, నాలుగు మూలలు ముందు చేయండి. గాలి పీల్పు ఎక్కువగా ఉండేది అక్కడే. చూరు గోడ దాటి అడుగున్నర కన్నా ఎక్కువ ముందుకు వచ్చి ఉంటే గాలికి అదే మొదటి పట్టు. దాని కింద నిలువు కర్రలు ఆనించి కట్టండి.

5. గోడకూ రేకుకూ మధ్య ఉన్న సందును ఇటుక ముక్కలు, సిమెంటుతో మూయండి. ఇక్కడ దూరిన గాలే కప్పును లోపలి నుంచి లేపుతుంది.

సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. దాని పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. రంధ్రం చేసే చోట ముందు నీళ్లతో తడిపి, పీ100 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ3 రకం మాస్కు పెట్టుకోండి, మామూలు గుడ్డ గానీ ఎన్95 గానీ చాలదు. రేకు మీద నేరుగా కాలు పెట్టొద్దు. రెండు వాసాల మీద ఆనేలా పలక వేసి దాని మీదే కూర్చుని పని చేయాలి. ప్రతి ఏటా గాలివాన ముందు జరిగే ప్రమాదాల్లో ఇలా రేకు విరిగి కిందపడేవి చాలా ఉంటాయి.

రాళ్లు, ఇటుకలు కప్పు మీద పెట్టే అలవాటు మానండి. ఈదురుగాలికి రేకు కదిలితే ఆ రాళ్లే పక్కింటి మీద పడతాయి. ఇసుక బస్తాలైతే ఒకే తాడుకు రెండు బస్తాలు కట్టి, కొప్పుకు అటొకటి ఇటొకటి వేలాడేలా, వాసాలు ఉన్న చోటే వేయండి. దానికన్నా మంచిది తాడుతో కట్టడం. చేపలరేవు చుట్టుపక్కల దుకాణాల్లో వలలకు వాడే పాలీప్రొపిలీన్ తాడు దొరుకుతుంది. అది నీరు పీల్చదు. నైలాన్ తడిస్తే సాగుతుంది, కొబ్బరి తాడు ఒక సీజన్‌కే పుచ్చుతుంది. 10 మిల్లీమీటర్ల తాడును కప్పు మీదుగా ఆరడుగులకు ఒకటి చొప్పున వేసి, రెండు చివరలూ ఇంటి స్తంభాలకు గానీ నేలలో మూడడుగులు దిగిన గుంజలకు గానీ కట్టండి. గుంజను ఇంటి నుంచి బయటికి ఒరిగేలా పాతాలి. నిటారుగా పాతితే తడిసిన నేలలోంచి ఊడివస్తుంది. తాడు రేకు అంచును ఒరుసుకునే చోట పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టండి.

తార్పాలిన్ కప్పేవాళ్లు చేసే పొరపాటు ఒకటే, అంచు కన్నాలకు మాత్రమే తాడు కట్టడం. గాలికి మొదట చిరిగేది ఆ కన్నమే. అంచును ఒక చెక్క పట్టీ చుట్టూ రెండు చుట్లు తిప్పి, ఆ పట్టీని వాసానికి బిగించండి. అప్పుడు లాగుడు అంచు పొడవునా పంచుకుంటుంది.

డాబా ఇల్లు, అపార్ట్‌మెంట్

డాబా మీద ముందు చూడాల్సింది నీళ్లు పోయే గొట్టం. ఆకులు, పాలిథిన్ తీసి ఒక బకెట్టు నీళ్లు పోయండి. నిమిషంలో పోకపోతే లోపల అడ్డం ఉంది. వాన కారుతుందని వేలకు వేలు పెట్టి పూత వేయించిన ఇళ్లలో కూడా, ఈ గొట్టం మూసుకుపోయి నీళ్లు నిలవడమే అసలు కారణమై ఉంటుంది.

పగుళ్ల మీద పైపైన సిమెంటు పూస్తే మొదటి ఎండకే పొరలా లేస్తుంది. పగులును ఉలితో లోపలికి సన్నగా, పైకి వెడల్పుగా అర అంగుళం లోతు తెరవాలి. పొడి అంతా బ్రష్షుతో తీసి, నీళ్లు చల్లి, తడి ఆరకముందే నింపాలి. 5 కిలోల సిమెంటుకు 15 కిలోల జల్లించిన సన్న ఇసుక, 20 మిల్లీలీటర్ల వాటర్‌ప్రూఫ్ ద్రావణం కలిపితే మామూలు డాబా పగుళ్లకు సరిపోతుంది. ద్రావణం సీసా మీద వేరే మోతాదు రాసి ఉంటే దాన్నే పాటించండి. తర్వాత తడి గోనె కప్పి వారం రోజులు తడుపుతూ ఉండాలి. 24 గంటల్లో వాన సూచన ఉంటే పని మొదలుపెట్టొద్దు. పిట్టగోడ, డాబా కలిసే మూలలో అరచేతి వెడల్పున ఏటవాలుగా ఇదే సిమెంటు పూయండి. గోడల లోపలి చెమ్మ సగం ఆ మూల నుంచే దిగుతుంది.

అల్యూమినియం స్లైడింగ్ కిటికీల కింది పట్టాలో బయటివైపు చిన్న చిన్న రంధ్రాలుంటాయి. ఇసుక, దుమ్ము పట్టి అవి మూసుకుపోతే వాన నీరంతా గదిలోకి పొంగుతుంది. సన్న తీగతో పొడిచి, మగ్గు నీళ్లు పోసి చూసుకోండి. పైసా ఖర్చు లేదు. బీచ్ రోడ్డు వైపు ఇళ్లకు ఇదే అన్నిటికన్నా పనికొచ్చేది. అద్దం మీద అడ్డంగా నిలువుగా టేపు అంటిస్తే పగలదని చాలామంది నమ్ముతారు. టేపు అద్దాన్ని ఆపదు. పడక ఆ కిటికీ దగ్గర్నుంచి జరపండి, వీలైతే లోపలివైపు పరుపు నిలబెట్టండి.

కొండవాలు ఇళ్లకు (ఆరిలోవ, మాధవధార, హనుమంతవాక వైపు ఇలాంటివి వేలల్లో ఉన్నాయి) గాలి కన్నా నీరు ప్రమాదం. ఇంటి వెనక పైనుంచి వచ్చే నీటికి పక్కగా దారి చేసి, ఆ కాలువలో మట్టి, చెత్త తీసేయండి. వాలు అడుగున మట్టి తవ్వకండి. నేలలో కొత్త పగులు, ఒరిగిన స్తంభం, ఎప్పుడూ లేని చోట బురద నీటి ఊట కనిపిస్తే రాత్రికి ఆ ఇంట్లో పడుకోవద్దు. గెడ్డ (వాగు) పక్కన ఇళ్లలో మాత్రం నేల మీదున్న బియ్యం, కాగితాలు, మిక్సీ, సిలిండరు మంచం ఎత్తుకు చేర్చడమే పని.

చెట్ల సంగతి: ములగ చెట్టు కొమ్మ పెళుసు, చిన్న గాలికే విరుగుతుంది. రేకుల మీదకు వచ్చిన కొమ్మలు ముందే కొట్టేయండి. కొబ్బరి చెట్టుకు ముదురు కాయలు, ఎండు మట్టలు దింపించండి. కరెంటు తీగలను తాకే కొమ్మల జోలికి మీరు వెళ్లకండి, 1912కు ఫోన్ చేసి ఈపీడీసీఎల్ వాళ్లకు చెప్పండి.

అల్పపీడనం అని వినగానే: నీళ్లు, వెలుతురు, తిండి

తీరంలో గాలివాన మొదలవడానికి కనీసం 48 గంటల ముందు వాతావరణ శాఖ అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక ఇస్తుంది. ఆ హెచ్చరిక విన్నాక బజారుకు వెళ్తే ధరలూ పెరుగుతాయి, సరుకూ ఉండదు. హుద్‌హుద్ తర్వాత నగరంలో రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేవు, పాలకూ పెట్రోలుకూ బారులు తీరారు. కాబట్టి అల్పపీడనం వార్త వచ్చినప్పుడే కదలాలి. అది బలహీనపడితే కొన్న సరుకు ఎటూ ఇంట్లో వాడుకునేదే.

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్లు లెక్కేయండి. నలుగురికి ఐదు రోజులకు 80 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు నాలుగు. కొత్త క్యాన్లు కొనక్కర్లేదు. మూతలున్న బిందెలు, కడిగిన శీతల పానీయాల సీసాలు చాలు. డాబా మీద ప్లాస్టిక్ ట్యాంకును నిండుగా నింపండి. 500 లీటర్ల నీళ్లుంటే అర టన్ను బరువు, కదలదు. ఖాళీ ట్యాంకు గాలికి దొర్లుతుంది. మూతను విడిగా తీగతో కట్టండి, లేకపోతే ముందు ఎగిరేది అదే.

వరద తర్వాత సంపులో నీళ్లకు బ్లీచింగ్ పౌడర్ వేయాలి. 1,000 లీటర్లకు తాజా పొడి 2.5 గ్రాములు, ముప్పావు టీ చెంచా లోపే. నేరుగా చల్లితే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. కొంచెం నీళ్లలో ముద్దగా కలిపి, బకెట్టు నీళ్లు పోసి, పది నిమిషాలు ఆగితే సున్నం అడుక్కి దిగుతుంది. పైతేట మాత్రమే సంపులో పోసి కలిపి, గంట ఆగి వాడండి. నీళ్లు బురదగా ఉంటే క్లోరిన్ పనిచేయదు, ముందు పటికతో తేర్చాలి. మూత తెరిచి ఉంచిన పాత ప్యాకెట్‌లో క్లోరిన్ ఎప్పుడో పోయి ఉంటుంది, వాసన ఘాటుగా లేకపోతే కొత్తది కొనండి. తాగే నీళ్లు ఏమైనా సరే తెర్లేదాకా కాచుకోవడం మంచిది.

వంట చేయకుండా తినగలిగేవి ముందు: అటుకులు కిలో, మరమరాలు, బెల్లం కిలో, వేయించిన వేరుశనగ గుళ్లు అర కిలో, అరటిపళ్లు. చోడి (రాగి) పిండి కిలో ఉంటే ఒక్కసారి కాచిన అంబలి రెండు పూటలు వస్తుంది, గ్యాస్ ఆదా. సిలిండరు సగం కన్నా తగ్గిందనిపిస్తే అప్పుడే బుక్ చేయండి.

వెలుతురుకు ఛార్జింగ్ ఎల్‌ఈడీ బల్బు ఒకటి చాలు. కొవ్వొత్తులైతే నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెట్టండి. చిన్న నోట్లు కొన్ని దగ్గర పెట్టుకోండి, నెట్‌వర్క్ పోతే ఫోన్‌తో చెల్లింపులు ఆగిపోతాయి. బీపీ, షుగరు, ఉబ్బసం మందులు 15 రోజులకు సరిపడా ఉండాలి. ఇన్సులిన్‌ను గాలి చొరని డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను చిన్న మట్టికుండలో, ఆ కుండను తడి ఇసుక పోసిన పెద్ద కుండలో ఉంచి, పైన తడి గుడ్డ కప్పితే ఫ్రిజ్ లేకపోయినా వేడి తగలదు. ఆధార్, రేషన్ కార్డు, ఇంటి పట్టా, బ్యాంకు పుస్తకం రెండు పాలిథిన్ కవర్లలో చుట్టి ఒకే సంచిలో పెట్టండి.

గాలి మొదలయ్యేముందు మెయిన్ స్విచ్ ఆపండి. ఓడరేవులో 8, 9, 10 నంబర్ల ప్రమాద సూచికలు ఎగరేశారంటే అది పెను ప్రమాదమని అర్థం. రేకుల ఇంట్లో, తీరం పక్కన ఉన్నవాళ్లు వెలుతురు ఉండగానే పక్కా భవనానికి వెళ్లిపోవాలి. తుపాను కన్ను మీదుగా పోతే గాలి ఒక్కసారిగా ఆగి, ఆకాశం తేటపడుతుంది. అయిపోయిందని బయటికి రాకండి. కాసేపట్లో అదే జోరు గాలి ఎదుటి దిక్కు నుంచి వస్తుంది. అప్పటికే సడలిన రేకులు, చెట్లు ఆ రెండో దెబ్బకు పడతాయి. సహాయానికి 112, అంబులెన్స్‌కు 108.

కార్తీకంలో: చెమ్మ, దోమలు

వానలు ఆగాక ఎండ వచ్చిన మొదటి రోజే పరుపులు, దుప్పట్లు డాబా ఎక్కాలి. సాయంత్రం నాలుగు లోపు దించేయండి, ఆలస్యమైతే మంచు చెమ్మ మళ్లీ పడుతుంది. బీరువాను గోడకు ఆనించకుండా నాలుగు వేళ్లు ఎడం ఉంచితే వెనక బూజు పట్టదు. పట్టిన బూజును పొడి చీపురుతో దులిపితే ఇల్లంతా పాకుతుంది. తడి గుడ్డతో తుడిచి, ఆరాక సున్నం వేయండి. సముద్రపు ఉప్పు గాలికి స్విచ్ బోర్డుల్లో పచ్చటి తుప్పు పడుతుంది. ప్లగ్గు పెడితే చిటపటలాడే సాకెట్టును వెంటనే మార్పించండి, వేడినీళ్ల కాలంలో మంటలు మొదలయ్యేది అక్కడే.

డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులు పడుతుంది. అందుకే వారానికొకసారి డ్రమ్ములు, కుండీల పళ్లాలు, ఫ్రిజ్ వెనక ట్రే ఖాళీ చేయాలి. ఖాళీ చేస్తే సరిపోదు, లోపలి గోడలు పీచుతో రుద్దాలి. గుడ్లు అంచుకు అంటుకుని నెలల తరబడి బతికుంటాయి, నీళ్లు తగలగానే పొదుగుతాయి.

ధనుర్మాసంలో: రూ. 300తో చలి

ఇక్కడి చలికి కొత్త రగ్గు అక్కర్లేదు, బొంత చాలు. పాత నూలు చీరలు ఆరు తీసుకోండి. పాలియస్టర్ కలిస్తే చెమట పట్టి వెన్ను చల్లబడుతుంది. వేడినీళ్లలో గంజి పోయేలా ఉతికి ఆరేయండి. ఆరు పొరలూ ఒకే బొంతగా కుట్టకుండా మూడేసి పొరలతో రెండు కుట్టండి. రెండు పల్చటి బొంతల మధ్య గాలి నిలిచి, ఒక మందపాటి దానికన్నా వెచ్చగా ఉంటుంది, మబ్బు రోజున కూడా ఆరుతుంది. నేల మీద చీరను ముడత లేకుండా పరిచి, అంచులకు బరువు పెట్టి, ముందు జానెడుకొక వదులు కుట్టు వేయండి. తర్వాత రెండు వేళ్ల ఎడంతో వరసలు కుట్టండి. వదులు కుట్టు లేకుండా మొదలుపెడితే మధ్యకు వచ్చేసరికి పొరలు జరిగి ముద్ద కడతాయి. దారం, సూదులకు తప్ప ఖర్చు లేదు.

కప్పుకునేదానికన్నా కింద పరిచేది ముఖ్యం. టైల్స్, గ్రానైట్ నేల ఒంటి వేడిని రాత్రంతా లాగేస్తుంది. చాప కింద రెండు పొరల గోనె సంచులు గానీ అంగుళం మందాన వార్తాపత్రికలు గానీ పరవండి. ముసలివాళ్లకు, చంటిపిల్లలకు తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు పెట్టండి. తలుపు కింది సందులో పాత గుడ్డలు కుక్కిన పొడవాటి సంచి పెట్టండి. వంటింటి కిటికీ మాత్రం ఎప్పుడూ పూర్తిగా మూయొద్దు.

స్నానానికి 20 లీటర్ల నీళ్లు 22 డిగ్రీల నుంచి 40కి కాగాలంటే దాదాపు 0.42 యూనిట్ కరెంటు కావాలి. నలుగురికి నెలకు 50 యూనిట్లు, బిల్లు పై శ్లాబుకు ఎక్కుతుంది. దీనికి విరుగుడు ఎండ. డాబా మీద నల్ల డ్రమ్ములో ఉదయమే నీళ్లు నింపితే మధ్యాహ్నం మూడుకు గోరువెచ్చగా ఉంటాయి. పిల్లలకు, పెద్దలకు ఆ వేళకే స్నానం చేయించండి. తెల్లవారి తప్పనిసరైతే హీటరు రాడ్డు వాడండి. 1,500 వాట్ల రాడ్డు 6.5 ఆంపియర్లు లాగుతుంది, 6 ఆంపియర్ల మామూలు సాకెట్టు మీద అది భారం. 16 ఆంపియర్ల ప్లగ్గులోనే పెట్టండి. ఇనుప బకెట్టు వద్దు. ప్లాస్టిక్ బకెట్టు మీద అడ్డంగా కర్ర పెట్టి, రాడ్డు అంచుకూ అడుక్కూ తగలకుండా వేలాడదీయండి. ముందు నీళ్లు, తర్వాత రాడ్డు, ఆఖరున స్విచ్. తీసేటప్పుడు స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, ఆ తర్వాతే నీళ్లలో చెయ్యి పెట్టాలి.

మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. ఇది ఎవరి కోసమూ సడలించకూడని మాట. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. తలనొప్పి, మత్తు వచ్చి, నిద్రలోనే ప్రాణం పోతుంది. బాలింత గదిలో సెగ పెట్టే అలవాటు ఉన్న ఇళ్లలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఒంటికి పూసుకునే కొబ్బరి నూనె 24 డిగ్రీల కిందకు గడ్డకడుతుంది కాబట్టి జనవరి ఉదయాలకు నువ్వుల నూనె వీలుగా ఉంటుంది.

కొండల మధ్య గిన్నెలా ఉన్న ఊరు కాబట్టి చలి ఉదయాల్లో పొగ, దుమ్ము పైకి లేవకుండా కిందే నిలిచిపోతాయి. ఉబ్బసం ఉన్నవాళ్లు నడకను ఎండ బాగా ఎక్కాక పెట్టుకోండి. ఆయాసం తగ్గకపోతే ఇంటి చిట్కాలతో కాలం గడపకుండా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కు గానీ పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రికి గానీ వెళ్లండి.

భోగికి పాత చెక్కలన్నీ మంటలో వేసే ముందు తార్పాలిన్ పట్టీలు, చూరు కింద కట్టిన కర్రలు పక్కకు తీయండి. టైర్లు, ప్లాస్టిక్ మంటలో వద్దు. తార్పాలిన్‌ను రెండు వైపులా ఎండబెట్టి, మడత పెట్టకుండా చుట్టి, తాడుతో పాటు అటక మీద పెట్టండి. మడిచిన చోట వచ్చే ఏడాదికి చిరుగుతుంది.